పేరు రాయని జుట్టు

అయిదింటిలోగా ఇవ్వాలట. ఇవ్వకపోతే ఫెలోషిప్ ఆగిపోతుందట. ఇప్పుడు నాలుగూ అయిదు, ఆ ఫెలోషిప్ ఇచ్చేవాళ్ళ ఆఫీసులో ఉన్నాను. త్రిమూర్తులు గారు మీటింగ్‌లో ఉన్నారు, కూర్చోండి మేడం, అని ముందుగదిలో ఉండే ఆవిడ ఈ ఇనప కుర్చీ చూపించింది. కూర్చున్నాను. ఒళ్ళో సంచి, సంచిలో అట్ట ఊడిన నోట్‌బుక్, నోట్‌బుక్‌లో ముప్పై రెండు పేర్లు. ఆ పేర్లే వీళ్ళకి కావాలి. పొరుగు దేశాల మధ్య సరిహద్దు సమస్యల మీద పరిశోధన చేసేవాళ్ళకి ఇచ్చే రెండేళ్ళ ఫెలోషిప్, దేశం మొత్తంలో పన్నెండు మందికి వచ్చింది, అందులో ఒకటి నాచారం గల్లీల్లో జుట్టు కొనే ఉప్పలమ్మ కూతురు హిమజకి, అంటే నాకు. వచ్చిన రోజున అమ్మని కూడా పిలిపించి నా పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. గంప తెచ్చుకోండమ్మా, గంపతో అయితే బాగుంటుంది, అన్నారు. అమ్మ తీసుకెళ్ళింది పాపం, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని. ఆ ఫొటో కింద స్ఫూర్తి అని రాసి వెబ్‌సైట్‌లో పెట్టారు. నిన్న సాయంత్రం ఆ స్ఫూర్తి అన్నవాళ్ళ దగ్గర్నుంచే మెయిల్. మీరు ఇంటర్వ్యూ చేసిన వారి పేరు, తల్లి పేరు, చిరునామా, ఫోను, పుట్టిన ఊరు, గుర్తింపు కార్డు నంబరు, జోడించిన పట్టికలో చేత్తో నింపి సంతకం చేసి రేపు సాయంత్రం అయిదు గంటలలోగా అందజేయగలరు. అందజేయగలరు అట. ఎంత మర్యాద.

కిటికీ పక్కనే వేశారు కుర్చీ. కింద ఉప్పల్ రింగ్ రోడ్డు, మెట్రో స్తంభాల నీడలో ఆగిన బస్సులు, ఘట్‌కేసర్ ఘట్‌కేసర్ అని అరుస్తున్న ఆటోవాళ్ళు. అద్దం లోపలికి కేక రాదు, నోళ్ళు మాత్రం కదులుతుంటాయి. నా ఇంటర్వ్యూ కూడా ఈ అంతస్తులోనే జరిగింది. అయిదుగురు కూర్చున్నారు. ఒకాయన నా కాగితాలు తిరగేసి, ఉప్పల్‌కి బోర్డర్ ఎంత దూరమమ్మా అన్నాడు. మిగతా నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పటికీ ఒళ్ళు మండేది వాళ్ళ నవ్వుకి కాదు, నా నవ్వుకి. నేనెందుకు నవ్వాలి. బోర్డర్ అంటే వాళ్ళ లెక్కలో ముళ్ళకంచె ఉండాలి, నది ఉండాలి, బూట్లేసుకున్న మనిషి ఒకడు ఉండాలి. సార్, పొద్దున మీ ఇంట్లో ఆడవాళ్ళు తల దువ్వుకుని చుట్టి పెట్టిన జుట్టు ఇంకో నెలకి బోర్డర్ దాటుతుంది, మీరు దాటారా ఎప్పుడైనా, అని అడిగాను. అప్పుడు ఆగాయి నవ్వులు. అప్పుడు పెన్నులు తీశారు. మూలనున్న ఆవిడ నిజమా అని తన జడ చూసుకుంది కూడా. ఆ ఒక్క మాటకే వచ్చిందేమో ఈ ఫెలోషిప్. అమ్మకి చెబితే, గట్ల కొట్టినట్టు మాట్లాడితె ఇస్తరా బిడ్డా, అని భయపడింది.

అమ్మ ముప్పై ఏళ్ళుగా తిరుగుతోంది. నాచారం, మల్లాపూర్, బాబానగర్, ఓపికున్న రోజుల్లో అంబర్‌పేట దాకా. ఎంటికలకు గిన్నెలమ్మా, ఎంటికలకు పిన్నులమ్మా, అని ఆ సాగదీత. చిన్నప్పుడు బడికి పోయేదారిలో ఆ గొంతు వినబడితే పక్క సందులోకి తప్పుకునేదాన్ని. ఇప్పుడు అదే గొంతు నా ప్రపోజల్లో మొదటి వాక్యం. సిగ్గులేదు నాకు. అమ్మ కొన్న జుట్టు పదిహేను రోజులకోసారి జవహర్‌నగర్ పోతుంది. అక్కడ చెత్తగుట్టకి ఇవతల రేకుల షెడ్లలో బెంగాలీ మాట్లాడే కుటుంబాలున్నాయి, వాళ్ళు దాని దుమ్ము దులిపి గోనెల్లో కుక్కి రైలెక్కిస్తారు. రైలు బెంగాల్ పోతుంది. అక్కడినుంచి సరిహద్దు దాటి బంగ్లాదేశ్ ఊళ్ళలోకి పోతుంది. ఆ ఊళ్ళలో ఆడవాళ్ళు వరండాల్లో కూర్చుని చిక్కుముళ్ళు విప్పి, పొడుగూ పొట్టీ వేరుచేసి కట్టలు కడతారు, ఆ కట్టలు ఇంకెక్కడో ఎవరి నెత్తి మీదో విగ్గులవుతాయి. ఇదంతా నేను పుస్తకాల్లో, ఫోన్లలో తెలుసుకున్నదే. కళ్ళతో చూసింది జవహర్‌నగర్ దాకానే. అమ్మకైతే ముప్పై ఏళ్ళలో తెలిసింది కూడా అంతవరకే, మిగతాది నేను చెప్తే విన్నదే. ఫెలోషిప్ వచ్చిందని చెప్పిన రోజున ఫొటో సంగతీ అడగలేదు, రెండేళ్ళ సంగతీ అడగలేదు. అవుతలికి పోనిస్తరా నిన్ను, అంది. ఆరు నెలలు అక్కడే ఉండాలమ్మా, అన్నాను. అయితె సూసిరా బిడ్డా, నేనిచ్చిన ఎంటికలు ఎవ్వలు సిక్కు దీస్తున్నరో, ఆళ్ళ సేతులు ఎట్లున్నయో సూసొచ్చి నాకు చెప్పు, అంది. నా పరిశోధన ప్రశ్న ఏమిటని ఆ అయిదుగురూ అరగంట తవ్వారు. నా ప్రశ్న అదే. అమ్మ అడిగినట్టు అడగడం చేతకాక పదహారు పేజీలు రాశాను.

నాలుగూ ఇరవై. లోపల నవ్వులు వినబడుతున్నాయి. మీటింగట.

అమ్మ ఒక్కటే నేర్పింది నాకు ఈ పనిలో. జుట్టు ఎవరిదో అడగకూడదు, పేరు రాయకూడదు. తల దువ్వుకున్నాక రాలిన జుట్టుని మా ఇళ్ళలో రోడ్డు మీద పారెయ్యరు. వేలికి చుట్టి ముడేసి గోడ రంధ్రంలోనో కిటికీ చువ్వకి వేలాడే కవర్లోనో దాస్తారు. ఎవరి చేతిలోనన్నా పడితే దాని మీద ఏమన్నా చేయిస్తారని భయం. అందుకే అమ్మ గుమ్మంలో కూర్చోగానే గిన్నెల బేరం మొదలుపెట్టదు. ముందు ఆ ముడులన్నీ ఇంటావిడ కళ్ళ ముందే విప్పుతుంది. విప్పి సంచిలో వేసి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న జుట్టు పైకొచ్చేదాకా కలుపుతుంది. గిప్పుడు ఇది నీదో ఎవ్వలదో దేవునికి గూడ తెల్వదు తల్లీ, అంటుంది. అప్పుడు గాని ఆ ఇల్లాలి మొహం తేటపడదు. ఆ తర్వాతే గిన్నె చిన్నదా పెద్దదా అన్న మాట. ముప్పై ఏళ్ళలో ఒక్క ఇంటి గడపలో కూడా అమ్మ ఆ కలపడం మానలేదు. నేను చూస్తూ పెరిగాను. చూసి ఏం నేర్చుకున్నాను, దాన్ని మూఢనమ్మకం అన్నాను. థీసిస్ రెండో అధ్యాయంలో కిందన చిన్న అక్షరాల్లో పెట్టాను, ఈ వృత్తిలోని స్త్రీలలో జుట్టు గురించి మూఢవిశ్వాసాలు బలంగా ఉన్నాయి అని. అమ్మకి చదివి వినిపించలేదు లెండి. అంత మాత్రం బుద్ధి ఉంది.

మరి నేను చేసిందేమిటి. మనుషులతో పరిశోధన చేసేటప్పుడు నైతిక నియమాల కమిటీ ఒకటి ఉంటుంది, ప్రతి ఒక్కరి దగ్గరా పేరుతో సంతకం తీసుకోవాలంది, తగుదునమ్మా అని తీసుకున్నాను. అక్కడితో ఆగానా. జుట్టు నమూనాలు కావాలని చిన్న కవర్లు కొని, ఒక్కొక్కరి జుట్టు ఒక్కో కవర్లో వేసి, పైన పేరు, ఇల్లు, ఫోన్ నంబరు రాశాను. గుండ్రటి చేతిరాతతో. ఎర్ర ఇంకు, నీలం ఇంకు. నాచారం ఇల్లాళ్ళు తొమ్మిది మంది, జవహర్‌నగర్ షెడ్లవాళ్ళు ఇరవై ముగ్గురు. అమ్మ ఆ కవర్లు చూసి పొయ్యి దగ్గర కూలబడింది. మా ఇంటి వెనకాల స్నానానికి నీళ్ళు కాచే పొయ్యి ఉంది, దాని ముందు. పేరు రాసిన ఎంటిక ఇంకోని సేతుల పడొద్దు బిడ్డా, మంచిగుండదు, పేరు తీసెయ్, అని నెత్తీ నోరూ కొట్టుకుంది. అమ్మా, ఇది రీసెర్చ్, దీనికో పద్ధతి ఉంటుంది, అన్నాను. ఎంత పొగరు నాకు. మర్నాడు నేను స్నానానికి పోయినప్పుడు అమ్మ ఆ కవర్లన్నీ చింపి జుట్టంతా తన సంచిలో కలిపేసింది. వారం రోజులు మాట్లాడలేదు నేను అమ్మతో. కవర్లయితే పోయాయి, నోట్‌బుక్ మిగిలింది. అదే ఇప్పుడు నా ఒళ్ళో ఉన్నది.

పదిహేడో పేరు మొమేనా. అమ్మకన్నా చిన్నది, నాకన్నా పెద్దది, మన వైపు బెంగాల్‌లోని ముర్షిదాబాద్ వాళ్ళు. అమ్మ సంచి దింపగానే ముందు మంచినీళ్ళిచ్చి తర్వాత కాటా తెచ్చే మనిషి. పేరు చెప్పడానికి చాలాసేపు తటపటాయించింది. ఈ కాగితం ఎక్కడికి పోతుంది అని హిందీలో అడిగింది. నా దగ్గరే ఉంటుంది, ఎవరూ చూడరు, అన్నాను. నాకేసి కాదు, నా వెనకాల కూర్చున్న అమ్మకేసి చూసింది. ఉప్పలమ్మ బిడ్డవే గద, అంది వచ్చీరాని తెలుగులో, సంతకం పెట్టింది. నన్ను చూసి పెట్టిన సంతకం కాదది. పోయిన వారం ఎవరో వ్యాన్‌లో వచ్చారట షెడ్ల దగ్గరికి. వెరిఫికేషన్ అన్నారట. మాటకి ముందే కార్డులు తీసి చూపించడం వాళ్ళకి అలవాటే, బెంగాలీలో బిడ్డని పిలిస్తే చాలు ఏ వైపోళ్ళు మీరు అని అడిగే రోజులు. అయినా మొమేనా మరిదిని ఎక్కించుకుపోయి రెండు రోజులకి వదిలారు. వచ్చినప్పటినుంచి ఆ పిల్లాడు షెడ్డు బయటికి రావడం లేదని అమ్మ చెప్పింది. ఇంకా ఏం చెప్పిందంటే, మొమేనా అడిగిందట, నీ బిడ్డ రాసుకున్న కాగితం భద్రమే గద అని. భద్రంగానే ఉన్నదని చెప్పిన, అంది అమ్మ. అది చెప్పిన మూడో రోజుకి ఈ మెయిల్. ఎవరు ఎవరికి ఏం చెప్పారో నాకు తెలియదు, దానికీ దీనికీ సంబంధం లేకపోవచ్చు కూడా. కానీ పుట్టిన ఊరు వీళ్ళకెందుకు. తల్లి పేరెందుకు. చిక్కు తీసిన జుట్టు ఏ సరిహద్దు ఎలా దాటుతుందో రాస్తానని నేను చెప్పాను, మనుషుల్ని పట్టిస్తానని ఎక్కడన్నా రాశానా ఆ పదహారు పేజీల్లో. వీళ్ళ సిగతరగ.

తలుపు తీసుకుని పృథ్వీ బయటికొచ్చాడు. హబ్సిగూడ పిల్లాడు, తల్లిదండ్రులిద్దరూ సైంటిస్టులు, అతనికీ వచ్చింది ఈ ఫెలోషిప్, రెండు దేశాల మధ్య నది నీళ్ళ మీద. మంచివాడే. చేతిలో కాగితం లేదు, ఇచ్చేశాడన్నమాట. అయిపాయె అక్కా, నాదంతా శాటిలైట్ ఫొటోలే గద, నీళ్ళకు ఆధార్ కార్డ్ అడగరు, అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపి పక్కన కూర్చున్నాడు. పెట్టెయ్యక్కా, ఎవ్వరు చూస్తరు, అంతా ఏదో సర్వర్ల పడుంటది, అన్నాడు మెల్లిగా. ఎవరూ చూడకపోతే ఎందుకడుగుతున్నారు పృథ్వీ, అన్నాను. ఢాకాలో కలుద్దాం అక్కా, అని లేచి వెళ్ళాడు. ఢాకా. మార్చిలో పాస్‌పోర్ట్ వచ్చింది, అమ్మ దాన్ని గిన్నెల గంపలో అడుగున దాచింది, దొంగలు అక్కడ వెతకరట. దాని మీద ఒక్క ముద్ర కూడా లేదు ఇంకా.

పిలిచారు. ఫెలోషిప్‌ల పని చూసే త్రిమూర్తులు గారు లేచి నిలబడ్డారు నన్ను చూసి, అదొకటి, ఈయన మర్యాదకి లోటుండదు. రామ్మా హిమజా, కాఫీ తాగుతావా, మీ అమ్మగారు బాగున్నారా, అన్నారు. ఇదిగో ఈ షీటేనమ్మా, నింపేసి సంతకం పెట్టేస్తే నీ టికెట్ల పని నేను ఈవేళే మొదలుపెట్టించేస్తాను. పేర్లు లేకుండా నంబర్లిస్తాను సార్, ఒకటి, రెండు, మూడు అని, మిగతాదంతా ఇస్తాను, అన్నాను. అలా కుదరదమ్మా, బోర్డర్ విషయం కదా, పైనుంచి అడుగుతారు. పైనుంచి ఎవరు సార్. సంబంధిత విభాగాలు. ఏం చేసుకుంటాయి సార్ సంబంధిత విభాగాలు మొమేనా తల్లి పేరు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అవన్నీ మనకెందుకమ్మా, నువ్వు చదువుకున్నదానివి. పైగా నువ్వు నిజంగా ఫీల్డ్‌కి వెళ్ళావని రుజువు ఉండాలి కదా మా దగ్గర. ఫీల్డ్‌కి వెళ్ళావని రుజువు. నేను పుట్టిందే ఆ ఫీల్డ్‌లో సార్. నా ఉయ్యాల కింద జుట్టు బస్తాలుండేవి. అన్నం ముద్దలో వెంట్రుక రాని రోజు లేదు మా ఇంట్లో. ఫొటోకి గంప తెమ్మన్నప్పుడు అడగలేదేం రుజువు. ఇదంతా పైకే అన్నానో మనసులో అన్నానో సరిగ్గా గుర్తులేదు, ఆయన మాత్రం నొచ్చుకున్నట్టు చూశారు. ఇంకా అరగంట ఉందమ్మా, ఇక్కడే కూర్చుని నింపు, అని పెన్ను నా వైపు జరిపారు.

ముప్పై రెండు వరసలున్నాయి పట్టికలో. లెక్కపెట్టి మరీ అచ్చు వేయించారు, నేను మొదటి రిపోర్టులో ముప్పై ఇద్దరు అని రాసినందుకు. ఖాళీగా ఇచ్చి లేచిపోవచ్చు. ఖాళీగా ఇస్తే నింపలేదంటారు, గడువు పెంచుతారు, మళ్ళీ మెయిల్, మళ్ళీ ఈ కుర్చీ, ఏదో ఒక రోజున ఢాకా మీద ఆశ కొద్దీ ఒక్క పేరు రాస్తాను, నాకు నా సంగతి తెలుసు. ఆశ చెడ్డది. సంచిలోంచి నోట్‌బుక్ తియ్యలేదు. పేరు రాసిన వెంట్రుక ఇంకొకరి చేతిలో పడకూడదు. మరి ఎవరి వెంట్రుకకి పేరు రాసే హక్కుంది నాకు. ఒక్కరిదానికే. నా తల దువ్వుకున్న జుట్టు కూడా అమ్మ సంచిలో కలిసిందే కదా ఇన్నేళ్ళూ, ఆ జుట్టు నేను పోనిచోటికి పోయిందే కదా. మొదటి వరసలో పేరు హిమజ. తల్లి పేరు ఉప్పలమ్మ. పుట్టిన ఊరు నాచారం. ఆధార్ నంబరు నాకు చూడకుండా వచ్చు. రెండో వరసలో పేరు హిమజ. తల్లి పేరు ఉప్పలమ్మ. పదో వరస దగ్గర త్రిమూర్తులు గారు తొంగి చూశారు. మొమేనా ఉండాల్సిన పదిహేడో వరసలో కూడా అక్షరం గుండ్రంగానే వచ్చింది. ఇదేంటమ్మా, అన్నారాయన. రాస్తూ పోయాను. ముప్పై రెండోది రాసి సంతకం పెట్టి ఆయన వైపు తిప్పాను. మా ఇంట్లో జుట్టు సార్, పేరుతో సహా ఇవ్వగలిగింది ఇదొక్కటే. ఇలాగైతే ఫెలోషిప్ ఆగిపోతుంది, తెలుసు కదా, అన్నారు. కోపంగా కాదు, జాలిగా. ఆ జాలికే నాకు ఇంకా మండింది. తెలుసు సార్, అని లేచాను. గోడ మీద గడియారంలో అయిదుకి మూడు నిమిషాలుంది.

మెట్లు దిగుతుంటే అమ్మ ఫోను. సంతకం అయిందా బిడ్డా, అంది. అయిందమ్మా. మరి పోతున్నవా అవుతలికి. లేదమ్మా, పోనియ్యరు ఇగ. నేను రోడ్డు మీద నిలబడ్డాను, ఘట్‌కేసర్ ఘట్‌కేసర్ అనే కేక ఇప్పుడు చెవిలోనే పడుతోంది. సిక్కు దీసేటోళ్ళ సేతులు ఎట్లుంటయో ఇగ నాకు తెల్వదన్నట్టు, అంది అమ్మ. నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీదే ఏడ్చాను, ఎవరేమనుకుంటే నాకేం. మొమేనా పేరు ఇచ్చినవా, అంది. ఇయ్యలేదు, ఎవ్వల పేరు ఇయ్యలేదు. మరి కాగితం మీద ఏం రాసినవ్. నా పేరు రాసినమ్మా, అన్ని గళ్ళల్ల నాదే రాసిన. అటువైపు గిన్నె ఏదో చేతిలోంచి జారిన చప్పుడు. నీ పేరు రాసి వాళ్ళ సేతుల బెట్టొచ్చినవా, అంది అమ్మ. ఆ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. ఎన్నిసార్లు రాసినవే. ముప్పై రెండు, అన్నాను. జల్ది ఇంటికి రా, అంది అమ్మ, ఏడ ఆగకు, ఎవ్వలతోని మాట్లాడకు, ఉప్పు మిరపకాయలు తీసి పెడుతున్న, దిష్టి తీస్త. సరేనమ్మా అన్నాను. గా పుస్తకం సంచిలనే ఉన్నదా. ఉన్నదమ్మా. పట్టుకరా, పొయ్యి ముట్టిస్తున్న, గా మిరపకాయలు, గా పుస్తకం రెండూ కలిపి ఏద్దాం అండ్ల, అంది అమ్మ.